1994 మారుతి 800ని బాగు చేయిస్తే ఎంతవుతుంది? ముందు ఫ్లోర్ చూడండి, తర్వాతే ఇంజిన్ మాట

దేవరకొండ నుంచి మీరు అడిగింది ఇది: నాయన 1994లో కొన్న మారుతి 800 ఏడేళ్లుగా షెడ్డులో ఉంది, చేతిలో లక్షన్నర ఉంది, పాత రూపుకు తెచ్చి దాంట్లో మారుతి జెన్ కారు ఇంజిన్, అల్లాయ్ వీల్స్ వేయించాలి, సరిపోతుందా? ఫ్లోర్ గట్టిగా ఉండి, ఉన్న ఇంజిన్‌నే బాగు చేయించుకుంటే లక్షన్నర అంచు మీద సరిపోతుంది. అయినా రెండు లక్షల దాకా పోవచ్చని అనుకునే దిగండి. ఫ్లోర్‌ను జంగు తినేసి ఉంటే పైన ఇంకో ముప్ఫై నలభై వేలు వేసుకోవాలి. జెన్ ఇంజిన్ మాత్రం వద్దు, ఎందుకో కింద రాస్తాను. ఇక్కడ చెప్పే ధరలన్నీ నల్లగొండ, మహబూబ్‌నగర్ షెడ్లలో అడిగే మోస్తరు ధరలు. మేస్త్రీని బట్టి అటూ ఇటూ అవుతాయి.

స్పానర్ పట్టే ముందు ఆర్‌సీ బయటకు తీయండి. పదిహేనేళ్లు దాటిన సొంత కారుకు రిజిస్ట్రేషన్‌ను ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించాలి. ఇరవై ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజును కేంద్రం 2025 ఆగస్టులో పది వేలకు పెంచింది. గడువు దాటితే నెలకు 500 చొప్పున ఆలస్య రుసుము పడుతుంది. గ్రీన్ ట్యాక్స్ వేరు. బండి ఏడేళ్లు షెడ్డులో ఉందంటే ఈ లెక్క చిన్నదేం కాదు, ముందు ఆర్టీఏ ఆఫీసులో మొత్తం ఎంతో రాయించుకోండి. ఏపీ 24 నంబరు అలాగే నడుస్తుంది, భయం లేదు. ఢిల్లీలో పాత బండ్లను ఆపేసే రూలు మనకు లేదు, ఫిట్‌నెస్ పాసైతే బండి తిరగొచ్చు. ఆర్‌సీ మీ నాయన పేరు మీదే ఉండి ఆయన లేకపోతే, పేరు మార్పిడి కూడా ఇప్పుడే పూర్తి చేసుకోండి. బండి మెరిసిపోయాక కాగితాల దగ్గర ఆగిపోతే పెట్టిన పైసలన్నీ షెడ్డులోనే ఉండిపోతాయి.

ఇక అసలు ఖర్చు బాడీది. 800కు ఛాసిస్ విడిగా ఉండదు, రేకే దాని ఎముక. ఇంజిన్ ఎంత ఖరాబైనా దానికి సామాను దొరుకుతుంది. రేకు పోతే మాత్రం ఒక్కో ముక్కా కోసి కట్టాల్సిందే. అందుకే మొదటి రోజు మ్యాట్లు, సీట్లు అన్నీ తీసేసి, డ్రైవర్ కాళ్ల కింద, పక్క సీటు ముందు, వెనక సీటు కింద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచి చూడండి. మొన దిగితే అక్కడ రేకు లేనట్టే. తర్వాత రన్నింగ్ బోర్డుల లోపలి అంచు, తలుపుల అడుగు, బ్యాటరీ పెట్టే ట్రే, డిక్కీలో స్టెప్నీ గుంట, ముందు షాకప్పులు పైన బిగిసే చోటు, వెనక యాక్సిల్ ఆర్ములు బాడీకి పట్టే చోటు. ఈ చివరి రెండూ పోయి ఉంటే, వాటిని నమ్మకంగా కట్టే టింకర్ (రేకు పని మేస్త్రీ) దొరికితే తప్ప బండి మీద పైసలు పెట్టొద్దు. మిగతావి ఎంత పోయినా చేయించుకోవచ్చు.

జంగు ఎక్కడి నుంచి వస్తుందో తెలియకుండా రేకు మార్చినా లాభం లేదు, రెండు వానాకాలాల్లో మళ్లీ అదే చోట తింటుంది. ఈ బండ్లలో నీళ్లు ఎక్కువగా ముందు అద్దం చుట్టూ ఎండిపోయిన రబ్బరు బీడింగ్ నుంచి దిగి, మ్యాట్ కింది ఫెల్టులో నిలుస్తాయి. ఆ ఫెల్టు నెలల తరబడి ఆరదు. తలుపుల అడుగున నీళ్లు పోవడానికి ఉన్న చిన్న రంధ్రాలు మట్టితో, పాత పెయింటుతో పూడుకుపోతాయి. అద్దం బీడింగ్ కొత్తది వేయించి, ఆ రంధ్రాలు తెరిపించి, బండి మీద పైపుతో నీళ్లు కొట్టి లోపల తడి రావట్లేదని చూసుకున్నాకే ఫ్లోర్ పని మొదలుపెట్టాలి.

టింకర్‌తో మాట్లాడేటప్పుడు గట్టిగా చెప్పాల్సింది ఒక్కటే: జంగు తిన్న రేకును మంచి రేకు కనిపించేదాకా కోసి, 20 గేజి సీఆర్ షీటు (కోల్డ్ రోల్డ్ ఉక్కు రేకు) పెట్టి సీఓటూ వెల్డింగ్ (తీగతో చేసే కరెంటు వెల్డింగ్) చేయాలి. గ్యాస్ వెల్డింగ్ అయితే పల్చటి రేకు వేడికి ముడతలు పడుతుంది, ఆ ముడతలు కప్పడానికి పుట్టీ మందం పెరుగుతుంది. జంగు మీదే ఇంకో రేకు అతికించి పైన తారు కొట్టేస్తే చూడ్డానికి బాగుంటుంది కానీ రెండు రేకుల మధ్య జంగు ఆగదు. అందుకే తారు కోటింగు కొట్టకముందే వచ్చి చూస్తానని, ఫోటోలు తీసుకుంటానని ముందే చెప్పండి. పని అయ్యాక గుడ్డ చుట్టిన అయస్కాంతం పెట్టి చూడండి, పట్టని చోట పుట్టీ మందంగా ఉన్నట్టు. ఫ్లోర్ గట్టిగా ఉండి తలుపులు, మడ్‌గార్డుల పనే అయితే 30 నుంచి 45 వేలు. మడ్‌గార్డులు, బానెట్ మార్చాల్సి వస్తే బయట తయారైన కొత్త వాటికంటే స్క్రాప్ బండి నుంచి తీసిన ఒరిజినల్ మేలు. కొత్తవి చవకే గానీ అంచులు కలవవు, వాటిని కలపడానికి టింకర్ కూలీ ఇంకో నాలుగు వేలు అడుగుతాడు.

పెయింటు మన దగ్గర ఏ నెలలో కొట్టిస్తున్నారన్నది చాలా ముఖ్యం. ఏప్రిల్, మే ఎండకు థిన్నర్ గన్ నుంచి రేకు చేరేలోపే ఆరిపోతుంది, పైపొర నారింజ తొక్కలా గరుకుగా వస్తుంది. వానాకాలంలో గాలి తేమకు పాత రకం ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) పెయింటు తెల్లగా పాలిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, పొద్దున పూట, దుమ్ము రాకుండా నీళ్లు చల్లిన మూసిన షెడ్డులో కొట్టిస్తే బాగుంటుంది. బయటపడిన రేకుకు ముందు ఎపాక్సీ ప్రైమర్, దాని మీద సర్ఫేసర్, ఆ పైన టూకే పీయూ రంగు (గట్టిపరిచే హార్డ్‌నర్ కలిపి కొట్టే పాలీయురెథేన్ పెయింటు). ఎపాక్సీ ప్రైమర్ వదిలేసి మూడు వేలు మిగిల్చే పెయింటర్ తర్వాత బుడగలు మిగులుస్తాడు. బండి మొత్తానికి 40 నుంచి 50 వేలు. రంగు మారుస్తే ఆర్‌సీలో ఎక్కించుకోవాలి, నాయన బండి రంగే ఉంచితే ఆ పని తప్పుతుంది.

ఇంజిన్ విషయానికి వస్తే మీ బండిలోది 796 సీసీ, మూడు సిలిండర్ల ఎఫ్8బీ. ఇదే ఇంజిన్ ఓమ్నీలో 2019 దాకా వచ్చింది కాబట్టి పిస్టన్లు, రింగులు, బేరింగులు ఇప్పటికీ దొరుకుతాయి. ఇంజిన్ మౌంటింగులు, గేర్ బాక్సు మాత్రం ఓమ్నీవి పట్టవు, అది వెనక చక్రాలతో నడిచే బండి.

ఏడేళ్లు ఆగిన ఇంజిన్‌కు బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టొద్దు. మూడు ప్లగ్గులూ విప్పి, ఒక్కో రంధ్రంలో రెండు చెంచాల ఇంజిన్ ఆయిల్ పోసి, ఒక రోజంతా వదిలేయండి. తర్వాత గేర్ న్యూట్రల్‌లో పెట్టి క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి చేత్తో తిప్పండి. మెల్లగా తిరిగితే మంచిదే. తిరక్కపోతే పట్టుబట్టి తిప్పకుండా ఇంకా ఆయిల్ పోసి ఆగండి, బలం పెడితే రింగులు విరుగుతాయి. పాత పెట్రోల్ మొత్తం దించి ట్యాంకు విప్పి కడిగించాలి, అడుగున జంగు పొడి ఉంటుంది. కార్బ్యురేటర్ కిట్టు, పెట్రోల్ పంపు డయాఫ్రమ్, పైపులు అన్నీ కొత్తవే వేయించండి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, 1994 నాటి రబ్బరు దానికి చేసినది కాదు, ఉబ్బి పగుళ్లిస్తుంది. ఇథనాల్ తట్టుకునే పైపు అని అడిగి కొనండి. టైమింగ్ బెల్టు చూపుకు బాగున్నా ఏడేళ్లు ఒకే వంపులో ఉంది కాబట్టి స్టార్ట్ చేయకముందే మార్చేయాలి, దాంతోపాటే వాటర్ పంపు, సీళ్లు కూడా. వీటన్నిటికీ కూలీతో 12 వేల దాకా.

స్టార్ట్ అయ్యాక కంప్రెషన్ కొలిపించండి. మూడు సిలిండర్లూ దగ్గర దగ్గరగా ఉంటే బోరింగు (సిలిండర్ల లోపలి గోడను లేత్‌లో కోయించే పని) జోలికి పోవద్దు. ఒకటి బాగా తగ్గితే దాంట్లో చెంచా ఆయిల్ పోసి మళ్లీ కొలవాలి. రీడింగ్ పెరిగితే రింగులు పోయినట్టు, పెరక్కపోతే వాల్వులు. వాల్వులైతే హెడ్డు ఒక్కటే విప్పించి గ్రైండింగ్ చేయిస్తే చాలు, ఏడెనిమిది వేలు. రింగులు, బోరు పోతే 25 నుంచి 35 వేలు. పిస్టన్లు 0.25, 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజులో వస్తాయి. లేత్ వాడు బోరు కొలిచి చెప్పకముందే పిస్టన్లు కొనొద్దు.

మన జిల్లాల్లో ఈ ఇంజిన్లను చంపేది బోరుబావి నీళ్లు. నల్లగొండ బోరు నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, రేడియేటర్ గొట్టాల్లో తెల్లగా గట్టిపడి నీళ్లు తిరగనివ్వవు. బండి వేడెక్కుతుంది, హెడ్డు అల్యూమినియం కాబట్టి వంగుతుంది, గాస్కెట్ పోతుంది. అప్పుడు మేస్త్రీ థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు) పీకేసి, వేడి తగ్గింది చూడండి అంటాడు. థర్మోస్టాట్ లేని ఇంజిన్ అసలు వేడికి చేరదు, పెట్రోల్ తాగుతుంది, ఆయిల్‌లో జిడ్డు పేరుకుంటుంది. రేడియేటర్ కొత్తది వేయించి, థర్మోస్టాట్ పెట్టించి, డిస్టిల్డ్ నీళ్లలో కూలెంట్ కలిపి పోయండి. హెడ్డు విప్పినప్పుడు స్కేలు పెట్టి ఫీలర్‌తో (సందు కొలిచే పల్చటి రేకు) చూడమనండి, 0.05 మిల్లీమీటర్లకు మించి వంపు ఉంటే ప్లెయిన్ చేయించాల్సిందే.

బ్రేకుల్లో బేరం లేదు. మాస్టర్ సిలిండర్, వెనక వీల్ సిలిండర్లు, రబ్బరు గొట్టాలు, ప్యాడ్లు, షూలు అన్నీ కొత్తవి. టైర్లలో గాలి నిలిచినా ఏడేళ్ల రబ్బరు హైవే మీద పగులుతుంది, ఐదూ మార్చండి. బ్యాటరీతో కలిపి ఈ ఖాతా 30 నుంచి 35 వేలు. షెడ్డులో ఎలుకలు వైరింగును వదిలి ఉండవు. అక్కడక్కడా టేపు చుట్టించే బదులు మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) మార్పిస్తే ఎనిమిది నుంచి పది వేలు. సీట్లు, రూఫ్ లైనింగు, మ్యాట్లకు పది పదిహేను వేలు చాలు, అది అన్నిటికంటే చివర.

ఇప్పుడు జెన్ ఇంజిన్ మాట. ఇంజిన్ కొనడంతో అయిపోదు. దాని గేర్ బాక్సు, డ్రైవ్ షాఫ్టులు, మౌంటింగులు, పెద్ద రేడియేటర్, ఇంజెక్షన్ రకమైతే ఈసీఎం (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), వైరింగు, పంపు, ఆ పైన ఆ బలాన్ని ఆపగల బ్రేకులు కూడా కావాలి. ఇది దాదాపు 650 కిలోల తేలిక బండి, బ్రేకులూ దానికి తగ్గవే. లక్ష దాటకుండా ఆ పని సరిగ్గా కాదు. అంతకంటే పెద్ద చిక్కు చట్టంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. ఆర్‌సీలో లేని ఇంజిన్‌తో రెన్యూవల్ పరీక్ష పాస్ కాదు, ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ చేతులెత్తేస్తుంది. మీ ఇంజిన్ పూర్తిగా పోతే అదే రకం 800 ఇంజిన్ వేయించుకోవచ్చు, దానికీ అనుమతి తీసుకుని కొత్త నంబరు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి.

అల్లాయ్ వీల్స్ వేయించుకోవచ్చు, కానీ కొలత చూసుకోండి. 800 చక్రానికి నాలుగు బోల్టులు, పీసీడీ (బోల్టులు ఉండే వృత్తం వ్యాసం) 114.3 మిల్లీమీటర్లు. జెన్‌ది 100, కాబట్టి దాని వీల్స్ పట్టవు. అడాప్టర్ ప్లేటు పెట్టి పట్టిస్తామనేవాళ్లను నమ్మొద్దు, చక్రం బయటికి వచ్చి బేరింగు మీద భారం పడుతుంది. 800కు వచ్చే 145/70 R12 టైరు ఎత్తు 508 మిల్లీమీటర్లు. 13 అంగుళాల రిమ్ముకు 155/65 R13 వేస్తే 532 వస్తుంది, స్పీడోమీటర్ తేడా దాదాపు ఐదు శాతం, మడ్‌గార్డుకు రాసుకుంటుందేమో తిప్పి చూసుకోండి. అంతకు మించి లావు టైర్లు వేస్తే పవర్ స్టీరింగ్ లేని బండిని పార్క్ చేసేటప్పుడు భుజాలు పోతాయి. తెల్లటి లైట్లు కావాలంటే ముందు హెడ్‌లైట్లకు రిలే కిట్టు వేయించండి, ఎనిమిది వందలకు వస్తుంది. పాత బండ్లలో కరెంటంతా స్విచ్ గుండానే పోయి అది కాలిపోతుంది, రిలే పెడితే మామూలు బల్బులే చాలా వెలుగు ఇస్తాయి. ఏసీ 25 వేల పైన పడుతుంది. రేడియేటర్ కొత్తదైతేనే ఆ ఆలోచన చేయండి.

సామాను కోసం మొత్తం లిస్టు ఒకేసారి రాసుకుని హైదరాబాద్ పుత్లీబౌలి, రాణీగంజ్ దుకాణాల్లో కొనండి. పాత బాడీ ముక్కలకు హయత్‌నగర్ దగ్గరి ఆటోనగర్ వైపు అడగండి. కూలీ మాత్రం మీ ఊరికి దగ్గర్లోనే పెట్టుకోండి, టింకరింగ్ దగ్గర వారానికి రెండుసార్లు నిలబడి చూడగలగడం మీకు ముఖ్యం. మొత్తానికి గుత్తగా మాట్లాడుకోవద్దు. కోత, వెల్డింగ్ అయ్యాక ఒక భాగం, ప్రైమర్ అయ్యాక ఒకటి, తలుపులు బిగించి అంచులు కలిశాక మిగతాది ఇవ్వండి. విప్పిన ప్రతి బీడింగు, క్లిప్పు, బ్యాడ్జీ, తాళం మీ ఇంటికే తెచ్చుకుని కవర్లలో పేరు రాసి పెట్టండి, 1994 నాటి చిన్న ప్లాస్టిక్ ముక్కలు షెడ్డులో పోతే ఇంకెక్కడా దొరకవు.