కొత్త ఎల్‌ఈడీ పెట్టాక కోరల్స్ పాలిపోతున్నాయి, వెలుతురు పెంచాలా?

మీరు నెల్లూరులో ఇంట్లో ఉన్న మెరైన్ ట్యాంక్‌కి (కోరల్స్, అంటే పగడపు జీవులు పెంచే ఉప్పునీటి అక్వేరియం) టీ5 ట్యూబులు (సన్నటి ట్యూబ్‌లైట్లు) తీసేసి ఎల్‌ఈడీ పెట్టారు. వారంలోపే మష్రూమ్‌లు (పుట్టగొడుగు ఆకారంలో ఉండే కోరల్స్) ముడుచుకుని పాలిపోయాయి, జోవాలు (చిన్న పువ్వుల్లా గుంపుగా పెరిగే కోరల్స్) విచ్చుకోవడం లేదు. వెలుతురు చాలట్లేదేమో, పెంచమంటారా అని అడిగారు.

పెంచకండి. ఈరోజే బాగా తగ్గించండి, ఎంతకో కింద చెప్తాను.

ఒంగోలులో మా ఇంట్లో ఉన్నవి కూడా ఇలాంటి సాఫ్ట్ కోరల్సే (రాతిలాంటి గట్టి గూడు లేని మెత్తటి రకాలు). నేనూ ఇలాగే ట్యూబుల నుంచి ఎల్‌ఈడీకి మారాను. కోరల్ ఒంట్లో జూజాంథెల్లే అనే సూక్ష్మమైన ఆల్గే ఉంటుంది. దానికి తిండిలో ఎక్కువ భాగం, రంగులో చాలా భాగం ఆ ఆల్గే వల్లే. వెలుతురు ఒక్కసారిగా ఎక్కువైతే ఆల్గేలో విషపదార్థాలు పుడతాయి, కోరల్ దాన్ని బయటికి తోసేస్తుంది. అందుకే తెల్లబడుతుంది. వెలుతురు చాలకపోతే జరిగేది దీనికి రివర్స్: ఆల్గే పెరిగి కోరల్ గోధుమరంగుకు తిరుగుతుంది, జోవాల కాడలు పైకి సాగుతాయి. మీరు చెప్పినవాటిలో ఈ లక్షణాలేవీ లేవు. షేడ్ నెట్ కింద పెరిగిన మిరప నారును తెచ్చి నేరుగా మిట్టమధ్యాహ్నం చేలో నాటితే ఎలా వాడిపోతుందో, ఇదీ అంతే.

పార్ మీటర్ (ఆల్గేకి పనికొచ్చే వెలుతురును, అంటే పార్‌ను కొలిచేది) ఖరీదెక్కువ, కొనక్కర్లేదు. నేను చేసింది చెప్తాను. ఫోన్‌లో లక్స్ (వెలుతురు కొలత) యాప్ వేసుకుని, నీళ్లకు కాస్త పైన పాత ట్యూబుల రీడింగ్ చూసుకున్నాను. తర్వాత అదే ఎత్తులో ఎల్‌ఈడీ రీడింగ్ చూశాను. ఇక్కడొక మెలిక ఉంది. లక్స్ అనేది మనిషి కంటిని బట్టి కట్టిన లెక్క, నీలం వెలుతురును తక్కువ చూపిస్తుంది. రీఫ్ ఎల్‌ఈడీల్లో (కోరల్స్ కోసం చేసినవి) నీలమే ఎక్కువ. కాబట్టి రెండు రీడింగులూ సమానమయ్యాయి కదా అని ఆగకూడదు, ఇంకా కిందికి దించాలి. పాత ట్యూబులు పారేసి ఉంటే ఎల్‌ఈడీ పూర్తి వెలుతురులో 30 శాతం దగ్గర మొదలుపెట్టి వారానికి 5 శాతం చొప్పున పెంచండి. మధ్యలో ఏ కోరల్ అయినా పాలిపోతే వెనక్కి వచ్చి రెండు వారాలు ఆగండి. డిమ్మర్ లేని లైటైతే దోమతెర గుడ్డ మూడు నాలుగు పొరలు లైటు కింద అడ్డంగా కట్టి (లైటుకి తగలకుండా), వారానికో పొర తీసేయండి. లైటు ఎన్ని గంటలు వెలిగిస్తున్నారో దాన్ని మాత్రం మార్చకండి.

మష్రూమ్‌లను ఇసుక మీదికి, నీడ పక్కకి దించండి. వాటికి 50 పార్ చుట్టుపక్కల ఉన్నా హాయిగా బతుకుతాయి. జోవాలకు 100 అటూఇటూ చాలు. లెదర్ కోరల్ (తోలులాంటి పైపొర ఉండే సాఫ్ట్ కోరల్) కొన్నాళ్లు మూసుకుని మైనంలాంటి పొర వదిలితే కంగారొద్దు, అది దాని అలవాటు. రోజూ కోరల్స్ చోటు మారుస్తూ ఉంటే మాత్రం ఏదీ కోలుకోదు.

మన వైపు ఎండాకాలం అసలు తలనొప్పి. నీళ్లు వేడెక్కినా కోరల్ ఇలాగే తెల్లబడుతుంది, రెండూ కలిస్తే దెబ్బ రెట్టింపు. మే నెలలో, రోహిణీ కార్తెలో వెలుతురు పెంచే పని పెట్టుకోవద్దు. 25-26 డిగ్రీలు ఉండేలా చూడండి. నీళ్ల మీదికి ఫ్యాన్ పెడితే తగ్గుతుంది కానీ, ఉక్కపోత ఎక్కువున్న రోజు నీళ్లు అంతగా ఆవిరికావు కాబట్టి ఫ్యాన్ పెద్దగా పనిచేయదు. ఆవిరైన మేరకు ఆర్వో నీళ్లే పోయండి, ఉప్పు నీళ్లు కాదు. సెలినిటీ (నీళ్లలో ఉప్పు శాతం) చూసుకోవడానికి రిఫ్రాక్టోమీటర్ అనే పరికరం రొయ్యల చెరువుల సామాన్లు అమ్మే షాపుల్లో దొరుకుతుంది.

తెల్లబడ్డ మష్రూమ్‌ని అప్పుడే పారేయకండి. కండ గట్టిగా ఉంటే బతికున్నట్టే, రంగు తిరిగి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. కరిగి వాసనొస్తుంటే మాత్రం వెంటనే తీసేయండి, నీళ్లు పాడవుతాయి.

ఫొటో పెడితే తెల్ల లైటులో తీసింది పెట్టండి. నీలం లైటులో పాలిపోయిన కోరల్ కూడా మెరుస్తూనే కనిపిస్తుంది.