చంద్రశిలా, చాంద్ర ఉల్కాశిలా?

సందేహం: చంద్రుడి నుంచి వచ్చి భూమ్మీద పడిన రాయిని కొందరు ‘చంద్రశిల’ అనీ, కొందరు ‘చంద్ర ఉల్కాపాతం’ అనీ రాస్తున్నారు. ఏది సాధువు?

సమాధానం: దోషం స్పష్టంగా ఉన్నది రెండో మాటలో. ‘పాతం’ అంటే పడటం. హిమపాతం వంటి మాటల్లోనూ అదే అర్థం. కనుక ఉల్కాపాతాన్ని చూశామనవచ్చు గాని, ఉల్కాపాతం దొరికిందనీ, దాన్ని కోసి పరీక్షించారనీ అనకూడదు. సంస్కృతంలో ఉల్క అంటే కొఱవి, నింగి నుంచి రాలే మంట. నేలకు చేరి చల్లారినదాన్ని ఉల్కాశిల అనడం మేలు.

‘చంద్రశిల’ షష్ఠీ తత్పురుషం, వ్యాకరణ దోషమేమీ లేదు. చిక్కంతా అర్థవ్యాప్తితోనే. 1969–1972 మధ్య అపోలో యాత్రికులు ఏరి తెచ్చిన దాదాపు 382 కిలోల రాళ్లకూ, మట్టికీ కూడా ఆ పేరు చెల్లుతుంది. ఏ రాయిని ఎక్కడ ఏరారో వాటి విషయంలో తెలుసు. ఏదో గ్రహశకలం ఢీకొన్నప్పుడు చంద్రుడి నేల నుంచి ఎగిసి, ఆ ఆకర్షణను దాటి మనదాకా వచ్చిన రాయికి అలాంటి చిరునామా ఉండదు. పైగా శిల్పుల పరిభాషలో గుడి వాకిట అర్ధచంద్రాకారంలో ఉండే మెట్టు కూడా చంద్రశిలే.

అందుచేత, చాంద్రమానంలో ఉన్న విశేషణాన్నే తీసుకుని ‘చాంద్ర ఉల్కాశిల’ అనమంటాను. గుణసంధి చేసి ‘చాంద్రోల్కాశిల’ అన్నా సాధువే. చదువరికి తేలిక కాదు కనుక నేను విడదీసే రాస్తాను. చంద్రుడి మీద పడిన ఉల్క అనే అర్థానికీ ఇందులో కొంత చోటుంది కాబట్టి, మొదటిసారి వాడినప్పుడు ‘చంద్రుడి నుంచి వచ్చిన ఉల్కాశిల’ అని విప్పి చెప్పడం అవసరం.

ఆ విశేషణాన్ని పరీక్షలు తేల్చాకే చేర్చాలి. ఆక్సిజన్ ఐసోటోపుల (ఒకే మూలకానికి చెందిన వేర్వేరు బరువుల పరమాణువుల) నిష్పత్తి భూమి రాళ్లకూ చంద్రుడి రాళ్లకూ దాదాపు ఒకటే కావడంతో అదొక్కటే చాలదు. పైరాక్సీన్, ఆలివిన్ ఖనిజాల్లో ఇనుము మాంగనీసుకు ఎన్ని రెట్లుందో చూస్తారు, అంతరిక్షంలో కాస్మిక్ కిరణాలు తగిలిన జాడలు వెతుకుతారు, అపోలో రాళ్లతో పోలుస్తారు. అంటార్కిటికాలో 1982 జనవరిలో దొరికిన, సుమారు 31 గ్రాముల ‘అలన్ హిల్స్ 81005’ అలాగే తేలింది. దాన్ని ‘మొదట దొరికినది’ అనకండి, ‘మొదట గుర్తించినది’ అనండి. జపాన్ బృందం అదే ఖండంలో 1979లోనే ఏరిన ‘యమాటో 791197’ కూడా చాంద్రమేనని ఆ తరవాత తెలిసింది.

వర్గాల పేర్లలోనూ ఇంతే జాగ్రత్త కావాలి. కాల్షియం మెండుగా ఉన్న ఖనిజమైన ఫెల్డ్‌స్పార్‌తో నిండిన ఎత్తు నేలల బ్రెక్షియాలు (పగిలిన ముక్కలు తిరిగి అతుక్కున్న రాళ్లు), నల్లని మైదానాల బసాల్టులు (లావా చల్లారి గట్టిపడిన రాళ్లు), ఈ రెండూ కలగలిసినవి ప్రధానమైనవి. ఆ మైదానాలను సముద్రాలనడం పాత ఆచారమే గాని, ‘సముద్రశిల’ అని రాస్తే నీటి అడుగున పుట్టిన రాయి అనుకుంటారు. ‘చాంద్ర బసాల్టు’ అంటే చాలు.