కట్టడి వేరు, అణచివేత వేరు

సందేహం: 1947 నాటి అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ విధానాన్ని ఒక పోటీపరీక్షల పుస్తకం ‘కమ్యూనిజం అణచివేత’ అంటోంది, మరొకటి ‘కమ్యూనిజంను కట్టడి చేయడం’ అంటోంది. ఏది సరి? ప్రచ్చన్న యుద్ధంలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ 1962లో క్యూబా చుట్టూ చేసినదాన్ని ‘దిగ్బంధం’ అనవచ్చా?

సమాధానం: ‘కట్టడి’ సరైన మాట. అణచివేయాలంటే ఆ నేల మన ఏలుబడిలో ఉండాలి. 1947 మార్చి 12న ట్రూమన్ గ్రీస్, టర్కీలకు సాయంగా 40 కోట్ల డాలర్లు ఇమ్మని అమెరికా కాంగ్రెస్‌ను అడిగారు. సొంత గడ్డమీది కమ్యూనిస్టు గెరిల్లాల మీద గ్రీకు ప్రభుత్వం చేసింది అణచివేత. సోవియట్ ప్రాబల్యం ఉన్నచోటు దాటి పాకకూడదని డబ్బిచ్చిన అమెరికాది కట్టడి.

కొరియా యుద్ధం మొత్తానికి ఒకే మాట వాడితే ఇక్కడే చిక్కు. 1950 జూన్‌లో రెండు కొరియాలను విడదీసే గీత, 38వ అక్షాంశం దాటి వచ్చిన ఉత్తర కొరియా సేనను తిరిగి గీత అవతలికి నెట్టడం వరకు కట్టడే. అక్టోబరులో అమెరికా సేనాని మెకార్థర్ సేనలు గీత దాటి చైనా సరిహద్దులోని యాలూ నది వైపు సాగాయి. అది ఉత్తరాది ప్రభుత్వాన్ని కూల్చే ప్రయత్నం. అక్కడ కట్టడి అనే మాట చెల్లదు. చైనా రంగంలోకి దిగాక ఆ ప్రయత్నం బెడిసికొట్టింది. 1953 జూలై 27న యుద్ధవిరమణ కుదిరేనాటికి రేఖ దాదాపు మొదటిచోటికే వచ్చింది. గీత దాటి సాగిన ఆ రెండో దశను కొందరు ‘తిప్పికొట్టడం’ అని రాస్తున్నారు. మీదికొచ్చిన దాడినే కదా తిప్పికొడతాం! నా ఓటు ‘కూల్చివేత’కే.

ఇక దిగ్బంధం. అన్ని దిక్కులా దారులు మూసి, తిండిగింజలు సైతం ఆపితేనే ఆ మాట పూర్తిగా అతుకుతుంది. 1948 జూన్‌లో సోవియట్లు పశ్చిమ బెర్లిన్‌కు రోడ్డు, రైలు, కాలువ దారులు మూసినది దిగ్బంధం. 1962 అక్టోబరులో కెనెడీ అడ్డుకున్నది క్యూబాకు వెళ్లే దాడి ఆయుధాలను మాత్రమే. నిత్యావసరాలను ఆపడం లేదని ప్రసంగంలోనే చెప్పారు. పైగా అంతర్జాతీయ న్యాయంలో దిగ్బంధం యుద్ధచర్య కనుక, ఆయన కావాలనే ‘క్వారంటైన్’ అన్నారు. కరోనా తరవాత అందరికీ తెలిసిన మాటే కాబట్టి అలాగే ఉంచవచ్చు. తెలుగే కావాలంటే ‘ఆయుధ నౌకల అడ్డగింత’ అనండి.

‘కమ్యూనిజంను’ కాదు, ‘కమ్యూనిజాన్ని’. మీరు రాసిన ‘ప్రచ్చన్న’లో చకు ఛ ఒత్తు ఉండాలి: ప్ర + ఛన్న = ప్రచ్ఛన్న. పరిచ్ఛేదం, విచ్ఛిన్నం కూడా ఇలాగే.