ఫ్రీ అన్నదంతా ఉచితమేనా?

సందేహం: బెంగళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో తెలుగు అనువాదాలు సరిచూస్తుంటాను. 'షుగర్ ఫ్రీ'ని ఒకరు 'చక్కెర ఉచితం' అని రాశారు. నవ్వొచ్చింది గానీ, మరి 'ఫ్రీ'కి ఏం రాయాలంటే నాకూ తోచలేదు. పైగా మా హిందీ మిత్రుడు ఉచిత్ అంటే 'తగినది' అంటున్నాడు. ఏది సరైనదండీ?
– ఒక పాఠకురాలు

సమాధానం: మీ మిత్రుడన్నది నిజమేనమ్మా. సంస్కృతంలో ఉచితమంటే తగినదే. సముచితం, సందర్భోచితం, ఉచితానుచితాలు అన్నప్పుడు మనకూ అదే అర్థం. పురాణకథల్లో రాజు మునిని 'ఉచితాసనం' మీద కూర్చోబెడతాడు. ఇప్పటి పిల్లలకు అది టికెట్ అక్కర్లేని బస్సు సీటులా వినిపిస్తే వాళ్లననలేం! డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చేదన్న అర్థం తెలుగులోనూ కన్నడంలోనూ స్థిరపడింది. హిందీవాళ్లు దానికి ముఫ్త్ అంటారు. కర్ణాటకలో 2023 జూన్ 11న మొదలైన శక్తి పథకంలో ఆడవాళ్లకు బస్సు ప్రయాణంలో దొరికింది ఈ రెండో రకం ఉచితమే.

నోటిమాటలో ఊరికే, ఉత్తినే, పుక్కటికి ఉన్నాయి. మీ ఊళ్లో వినబడే 'పుక్కటె' ఈ చివరిదానికి చుట్టమే. వీటిలో కాస్త చులకన ధ్వనిస్తుంది కాబట్టి ఆహ్వానపత్రికలో 'ప్రవేశం ఉచితం' అనే వేయాలి.

ఇక చక్కెర సంగతి. వస్తువు పేరు తర్వాత వచ్చే ఫ్రీకి 'లేని' చాలు: చక్కెర లేని బిస్కెట్లు. కొంచెం గంభీరంగా కావాలంటే ప్లాస్టిక్ రహిత. కన్నడ బోర్డులు చూసి 'ప్లాస్టిక్ ముక్త' అని మాత్రం రాయకండి. నా చెవికి అది ప్లాస్టిక్‌కు మోక్షం వచ్చినట్టుంటుంది.

సీటు ఫ్రీ అయితే ఖాళీ, మనిషి ఫ్రీ అయితే తీరిక. 'ఖాళీగా ఉన్నారా' అంటే పనీపాటా లేదన్నారని నొచ్చుకునేవాళ్లున్నారు. 'ఫ్రీగా మాట్లాడండి' అంటే మొహమాటం లేకుండా అని.

మీ వృత్తిలో తరచు తగిలే చిక్కు 'ఫ్రీ సాఫ్ట్‌వేర్'. 1983లో జీఎన్‌యూ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును ప్రకటించిన అమెరికన్ ప్రోగ్రామర్ రిచర్డ్ స్టాల్‌మన్ దృష్టి ధర మీద లేదు. ప్రోగ్రామును వాడుకోవడానికి, మార్చుకోవడానికి, పంచుకోవడానికి ఉండే స్వేచ్ఛ మీద ఉంది. అలాంటిదాన్ని డబ్బు తీసుకుని అమ్మినా తప్పులేదు. కాబట్టి అక్కడ 'స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్' అనే రాయండి. సోర్స్ కోడ్ (ప్రోగ్రామర్లు రాసిన అసలు పాఠం) చూపించకుండా, డబ్బు మాత్రం అడగని యాప్‌ను ఉచిత యాప్ అనండి. వాక్యం చూస్తే ఏ ఫ్రీయో తేలకపోతే, రాసిన ఇంజనీరునే అడిగేయండి.