పాత చిరునామాలను వదలకు

అమ్మాయీ,

విజయవాడ, గుంటూరు, తెనాలి, రాజమహేంద్రవరం దుకాణాలకు ఉన్న సైట్లన్నీ కలిపి దేశమంతటికీ ఒకే సైటు పెడుతున్నావని మీ నాన్న ఫోను చేసి చెప్పాడు. ఆటోనగర్‌లో మీ తాతయ్య నాలుగు బేరింగులు పెట్టుకుని మొదలుపెట్టిన వ్యాపారం ఇది. ఎంత సంతోషం వేసిందో, అంత గుబులూ పుట్టింది.

గూగుల్‌కు సైట్‌మ్యాప్, అంటే సైటులోని పేజీల జాబితా పంపడం, సైటు యజమానుల కోసం గూగుల్ పెట్టిన సెర్చ్ కన్సోల్‌లో చిరునామా మార్పు తెలపడం నీకు తెలిసినవే.

నా భయమంతా ఆ సైట్ల పాత వెబ్ చిరునామాల గురించే. గుంటూరులో మోటారు పంపుల వ్యాపారి ఒకాయన ఇలాగే సైట్లన్నీ ఒకటి చేయించాడు. పనికి కుదిరినవాళ్లు పాత పేజీలన్నింటినీ కొత్త సైటు మొదటి పేజీకి మళ్లించి చేతులు దులుపుకున్నారు. పంపు వాషర్ కోసం వెతికే రైతు మొదటి పేజీలో దిగి ఏం చేస్తాడు, వెళ్లిపోతాడు. గూగుల్ కూడా అలాంటి మళ్లింపును పేజీ లేనట్టే లెక్కగడుతుంది. గూగుల్ వెతుకులాటలో ఏళ్ల తరబడి సంపాదించిన స్థానం పోయింది. అది చాలదన్నట్టు, ఇక పనేముందని పాత డొమైన్లకు, అంటే ఆ సైట్ల పేర్లకు, డబ్బు కట్టడం మానేశారు. వాటిలో ఒకదాన్ని ఎవరో కొని జూదం సైటు పెట్టారు. ఆ పెద్దాయన బిల్లు పుస్తకం నా ముందు పెట్టి, గులాబీ కాగితం అడుగున అచ్చయిన చిరునామా మీద వేలు ఆనించి, "ఈ బిల్లు ఎన్ని ఇళ్లలో ఉందో తెలుసా బాబూ?" అన్నాడు. నాకు నోట మాట రాలేదు.

అందుకే, ఏ పాత పేజీకి ఏ కొత్త పేజీ జోడో ముందే పట్టిక రాసుకో. 301 మళ్లింపు, అంటే పేజీ శాశ్వతంగా మారిందని చెప్పే మళ్లింపు, ఆ జోడుకే పెట్టు. మళ్లింపులు కనీసం ఏడాది ఉంచమని గూగుల్ చెబుతుంది. డొమైన్లను మాత్రం ఎన్నేళ్లయినా వదలకు. ఈ ఒక్క విషయంలో పిసినారితనం చేశావంటే నేను ఊరుకోను.

ఊరి పేరు మాత్రం మార్చి, అవే మాటలు నింపిన పేజీలు వద్దు. గూగుల్ వాటిని స్పామ్ కింద జమకడుతుంది. తెనాలి పేజీలో తెనాలి దుకాణం ఫొటో, వేళలు, అక్కడ దొరికే సరుకే ఉండాలి. గూగుల్ మ్యాప్స్‌లో ఏ దుకాణం ప్రొఫైలు దానికే ఉంచి, దాని పేజీకే లింకు ఇవ్వు. దగ్గర్లో వెతికేవారికి చూపేటప్పుడు గూగుల్ దూరం కూడా చూస్తుంది. మీ తాతయ్య లారీ చప్పుడు విని డ్రైవరు పేరు చెప్పేవారు. ఆ డ్రైవర్ల పిల్లలే ఇప్పుడు ఫోనులో మనల్ని వెతుకుతున్నారు తల్లీ.

అన్నీ ఒకే రాత్రి మార్చకు. ముందు తెనాలి సైటు కలిపి, సైటుకు జనం రాకపోకలు కుదుటపడ్డాక తర్వాతిది కలుపు. వేళకు అన్నం తిను. పట్టిక తయారవగానే నాకు పంపు, వరుస వరుసా చదివి పెడతాను.

మీ పెద్దనాన్న