తుపాకీ లైసెన్సు వివరాలు ఎవరెవరు చూడగలరు?

రాజోలు దగ్గర కొబ్బరితోటలో ఒంటరిగా ఉండే మీ నాన్నగారికి లైసెన్సు తుపాకీ ఉన్న సంగతి ఊళ్లోవాళ్లు ఎవరైనా తెలుసుకోగలరా అని అడిగారు. అర్జీ పెట్టి తెలుసుకోవడం అంత తేలిక కాదండి. సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ ప్రకారం వ్యక్తిగత వివరాలు, ప్రాణహాని తెచ్చే వివరాలు ఇవ్వకుండా నిరాకరించవచ్చు.

ప్రభుత్వం దగ్గర మాత్రం అన్నీ ఉంటాయి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద పోలీసు విచారణ జరిగాకే లైసెన్సు ఇస్తారు. ఒకప్పుడు కలెక్టరేటు దస్త్రాల్లో ఉండే ఈ వివరాలు ఇప్పుడు ఒక్కో లైసెన్సుదారుకి ఒక్కో ప్రత్యేక సంఖ్యతో కేంద్ర హోంశాఖ డేటాబేసులోకి చేరాయి.

దొంగతుపాకీని పసిగట్టాలంటే ఈ లెక్క ఉండాల్సిందే, అందులో నాకు సందేహం లేదు. నా బెంగల్లా ఆ లెక్క తెరిచి చూసేవాళ్ల గురించే. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది కదా. ఏ ఉద్యోగి ఎప్పుడు, ఎందుకు చూశాడో నమోదు కావాలి, అది లైసెన్సుదారుకి తెలియాలి.

ఇంకోటి, ఎన్నికలప్పుడు తుపాకీ స్టేషన్లో అప్పగించమంటే రసీదు తప్పక తీసుకోమనండి. లంక ఊళ్లలో కబురు బయటపడేది ఎక్కువగా ఆ రోజే.