స్ప్రింగులు మార్చే ముందు, చిన్నా

చిన్నా,

నీ మెసేజ్ చూశాను. చేతులు మారి వచ్చిన 1911 మోడల్ పిస్టల్ కొన్నావని, దాంట్లో కంపెనీ స్ప్రింగులన్నీ తీసేసి తేలికపాటి సెట్ వేస్తానని రాశావు. కాస్త ఆగు. ఇరవై ఏళ్లుగా ఇక్కడ టెక్సస్‌లో ఇదే పిస్టల్ కాలుస్తున్నాను, అందుకే చెబుతున్నాను: రీకాయిల్ స్ప్రింగ్ మార్చు, మిగతావాటి జోలికి ఇప్పుడే వెళ్లకు.

ముందు మనిషి ఎన్ని రౌండ్లు కాల్చాడో నీకు తెలీదు కదా. ఈ రీకాయిల్ స్ప్రింగ్ అరిగిపోయే సరుకు, కారుకి బ్రేకు ప్యాడ్ల లాంటిది. స్లైడ్, అంటే పేలినప్పుడు వెనక్కీ ముందుకీ జరిగే పై భాగం, వెనక్కి వస్తుంటే ఇది అణుగుతుంది, మళ్లీ ముందుకు తోస్తూ మ్యాగజైన్‌లో పై రౌండ్‌ని ఛాంబర్‌లోకి, అంటే బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే గూట్లోకి, నెడుతుంది. నీరసపడిందంటే స్లైడ్ ప్రతిసారీ ఫ్రేమ్‌ని సుత్తితో మోదినట్టు మోదుతుంది, పేలిన రౌండ్ల ఖాళీ కేసులు మామూలుకంటే దూరంగా పడతాయి. ఐదంగుళాల బ్యారెల్ .45 క్యాలిబర్‌కి మామూలుగా 16 పౌన్లది వస్తుంది. ఆ 16 అంటే, స్లైడ్ పూర్తిగా వెనక్కి వెళ్లినప్పుడు అది తిరిగి తోసే బలం. అదే 16 తెచ్చుకో. "బలమైనది వేస్తే పిస్టల్ పదిలం" అనేవాళ్ల మాట వినకు. స్లైడ్ చాలినంత వెనక్కి రాక రౌండ్ ఇరుక్కుంటుంది, పైగా ముందుకి వచ్చేటప్పుడు ఎక్కువ వేగంతో కొట్టుకుంటుంది. కొత్త రీకాయిల్ స్ప్రింగ్‌తో ఫైరింగ్ పిన్ (హామర్ దెబ్బకి రౌండ్‌ని పేల్చే సూది) స్ప్రింగ్ కూడా జతగా వస్తే, అది కూడా మార్చు.

మెయిన్ స్ప్రింగ్, అంటే హామర్‌ని కొట్టించేది, 23 పౌన్లుంటుంది. ట్రిగ్గర్ మెత్తగా కావాలని నేనూ ఒకసారి 17 వేశాను. ఇంట్లో ఖాళీగా నొక్కితే ఎంత హాయిగా ఉందో! పోటీలో మూడో గురి దగ్గర హామర్ పడింది, టిక్ అంది, పేలలేదు. ప్రైమర్, అంటే రౌండ్ అడుగున పిన్ను కొడితే నిప్పు పుట్టించే బిళ్ల, గట్టిది, దాని మీద పిన్ను గీతంత గుర్తే పడింది. ఆ రాత్రే పాత స్ప్రింగ్ మళ్లీ వేశాను. ఇంకోటి, హామర్‌ని వెనక్కి పడగొట్టడానికి స్లైడ్ పడే శ్రమలో ఈ స్ప్రింగ్ వంతు కూడా ఉంది. దాన్ని తగ్గిస్తే రీకాయిల్ స్ప్రింగ్ లెక్క కూడా కదులుతుంది.

లోపల మూడు వేళ్ల చదును స్ప్రింగ్ ఒకటుంటుంది. ఒక వేలు సియర్‌ని (ఎత్తిన హామర్‌ని ఆపి ఉంచే కొక్కెం) పట్టుకుంటుంది, మధ్యది ట్రిగ్గర్‌నీ డిస్‌కనెక్టర్‌నీ (ఒక్క నొక్కుకి ఒక్క రౌండే పేలేలా చూసేది), మూడోది గ్రిప్ సేఫ్టీని (పిడి గట్టిగా పట్టుకుంటేనే పేలనిచ్చేది). ట్రిగ్గర్ తేలిక చేస్తామని దాన్ని వంచేవాళ్లున్నారు. నువ్వు వంచకు. తప్పుగా వంగితే స్లైడ్ మూసుకోగానే హామర్ దాని వెంటే పడిపోవచ్చు. ఆ పని తెలిసిన గన్‌స్మిత్ (తుపాకులు బాగుచేసేవాడు) చేతికే ఇవ్వాలి.

ఇక పని పద్ధతి. మందుగుండు వేరే గదిలో పెట్టు. మ్యాగజైన్ తీసేసి, స్లైడ్ లాగి, ఛాంబర్‌లోకి చిటికెన వేలు పెట్టి చూడు, కంటితో చూస్తే చాలదు. కళ్లద్దాలు పెట్టుకో. బ్యారెల్ మూతి దగ్గరి రింగు, అంటే బుషింగ్, తిప్పేటప్పుడు దాని కింద స్ప్రింగ్‌కి మూతలా ఉండే ప్లగ్‌ని బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకో. ఒకసారి నా వేలు జారింది. ప్లగ్ లేచి గరాజ్ పైకప్పుకి తగిలి, కారు కిందకి దొర్లింది. గంటసేపు టార్చి పట్టుకుని వెతికాను. అప్పట్నుంచి పిస్టల్‌ని పెద్ద ప్లాస్టిక్ సంచిలో పెట్టే ఈ పని చేస్తున్నాను, ఏది ఎగిరినా సంచిలోనే ఉంటుంది.

పాతదాన్ని కొత్తదాని పక్కన నిలబెట్టి చూడు. పాతది బాగా పొట్టిగా ఉంటే అలసిపోయిందని అర్థం. దాన్ని లాగి పొడవు చేయడం, చుట్టలు కత్తిరించడం రెండూ పిచ్చిపనులే.

అంతా బిగించాక, ఇంకా ఖాళీగా ఉండగానే, హామర్ ఎత్తి థంబ్ సేఫ్టీ (బొటనవేలితో వేసే మీట) వేసి ట్రిగ్గర్ నొక్కు, హామర్ పడకూడదు. సేఫ్టీ తీసి, గ్రిప్ సేఫ్టీని వదిలేసి నొక్కినా పడకూడదు. రేంజ్‌లో మొదటి మ్యాగజైన్‌లో ఒక్క రౌండే పెట్టు. సరిగా నడిస్తే రెండు. ఒక్క నొక్కుకి రెండూ పేలితే అక్కడే ఆపేసి గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్లు.

శనివారం ఖాళీగా ఉంటే ఇటు రా. పాత స్ప్రింగ్ పారేయకుండా తీసుకురా, నా కొత్తదాని పక్కన పెట్టి చూద్దాం.

మీ బాబాయి